లాగే ట్రాక్టర్‌కు బ్రేకు ఉంది, తోసే ట్రక్కుకు లేదు

మిరప కోతలు దగ్గరకొచ్చాయి. మరికొన్ని వారాల్లో కల్లాలు ఎరుపెక్కుతాయి. కాయ ఆరబెట్టి, టిక్కీలు తొక్కి, గుంటూరు యార్డుకో కోల్డ్ స్టోరేజీకో పంపే పని మొదలవుతుంది. పత్తి కూడా జిన్నింగ్ మిల్లులకు, సీసీఐ కొనుగోలు కేంద్రాలకు కదులుతోంది. ఈ నాలుగైదు నెలలూ పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ రోడ్డు చూసినా ట్రాక్టర్లే. పొద్దున కూలీలను తెస్తాయి, సాయంత్రం దింపి వస్తాయి, రాత్రికి బస్తాలు ఎత్తుకుని యార్డుకు బయలుదేరతాయి.

ధర గురించి, నకిలీ విత్తనం గురించి, తామర పురుగు గురించి ఈ పత్రికలో ఎన్నోసార్లు రాశాం, ఇకముందూ రాస్తాం. ఈ నెల మాత్రం మన కళ్లముందే ఉన్నా మనం పెద్దగా మాట్లాడుకోని ఒక విషయం తీసుకుంటున్నాం. అది ట్రాక్టర్ వెనక కట్టే ట్రక్కు. దానికి బ్రేకు లేదు. మన ఊళ్లలో తిరిగే ట్రక్కుల్లో బ్రేకు ఉన్నది ఎక్కడో ఒకటి కనబడితే గొప్ప. ఇంతకాలం ఇది ఎవరికీ లోపంగా తోచలేదు. ట్రక్కు అంటే ఇరుసు, రెండు చక్రాలు, ఇనప తొట్టి, హుక్కు, ఇంతేనని అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఒప్పుకున్నారు. రిజిస్ట్రేషన్ చేసేవాళ్లూ ఒప్పుకున్నారు. ఈ ఒప్పుదల మారాలని మన సంఘం అంటోంది. భారం రైతు ఒక్కడి నెత్తిన పడకుండా మారాలని కూడా అంటోంది.

బరువు లెక్క

ఒక లెక్క వేసుకుందాం. మామూలు ట్రాక్టర్ బరువు రెండు టన్నులు అనుకుందాం. ఖాళీ ట్రక్కు టన్నున్నర. టిక్కీ నలభై అయిదు కిలోల చొప్పున వంద టిక్కీలు వేస్తే నాలుగున్నర టన్నులు. మొత్తం ఎనిమిది టన్నులు. బ్రేకు ఉన్నది మాత్రం రెండు టన్నుల ట్రాక్టర్‌కే. అంటే రెండు టన్నులను ఆపడానికి చేసిన బ్రేకు ఎనిమిది టన్నులను ఆపాలి. గంటకు ఇరవై కిలోమీటర్ల మీద ఒంటి ట్రాక్టర్ ఆరు మీటర్లలో ఆగుతుందనుకుంటే, ఈ బండి ఆగడానికి సుమారు ఇరవై నాలుగు మీటర్లు పడుతుంది. వేగం ముప్పైకి పెరిగితే అది యాభై మీటర్లు దాటుతుంది. ఊరి రోడ్డు పక్కన ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా ఉండేంత దూరం. అడ్డం వచ్చిన దూడను చూసి, కాలు పెడల్ మీదకు వెళ్లేలోపు బండి సాగే దూరం దీనికి అదనం. ఇది మోటు లెక్కే. టైరు అరుగుదలను బట్టి, రోడ్డు తడిని బట్టి మారుతుంది. మారితే ఎక్కువగా చెడ్డ వైపుకే మారుతుంది.

ఆగే దూరం ఒక్కటే సమస్య కాదు. బ్రేకు వేసినప్పుడు ట్రాక్టర్ తగ్గుతుంది, ట్రక్కు తగ్గదు. వెనక నుంచి తోస్తుంది. రోడ్డు తిన్నగా ఉంటే తోపు తిన్నగా పోతుంది. మలుపులో ఉంటే ట్రాక్టర్ వెనక భాగాన్ని పక్కకు నెడుతుంది. అప్పుడు ట్రాక్టర్, ట్రక్కు కత్తెర మూసుకున్నట్టు ముడుచుకుంటాయి. కాలవ కట్ట మీద నుంచి రోడ్డు మీదకు దిగేచోట, కల్వర్టు దగ్గర, వంతెన దిగుడులో డ్రైవర్ ఎంత అనుభవం ఉన్నవాడైనా చేయగలిగింది తక్కువ. ఎడ్ల బండి కాలంలో దిగుడు వస్తే ఎడ్లు మెడ బిగించి కాడితో బరువును నిలవేసేవి. ఇప్పుడు ఆ మెడలు లేవు, బరువు మాత్రం అయిదారింతలయింది.

రెండు చక్రాల ట్రక్కుతో ఇంకో చిక్కుంది. దాని ముందు బరువు కొంత ట్రాక్టర్ హుక్కు మీద ఆనుతుంది. లోడు వెనక్కు ఎక్కువైతే హుక్కు పైకి లేస్తుంది, ట్రాక్టర్ పెద్ద చక్రాలకు నేల పట్టు తగ్గుతుంది. బ్రేకు ఉన్నది ఆ చక్రాలకే కాబట్టి ఉన్న బ్రేకు కూడా సగం పనికిరాకుండా పోతుంది. లోడు ముందుకు ఎక్కువైతే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ మాట వినదు.

పోయిన ప్రాణాలు

2018 ఏప్రిల్ 6న నల్గొండ జిల్లా పి.ఎ.పల్లి మండలం వద్దిపట్ల దగ్గర మిరప కోతకు వెళ్తున్న ఆడకూలీల ట్రాక్టర్ కాలవలో పడింది. తొమ్మిది మందికి తగ్గకుండా చనిపోయారు. అదే ఏడాది జూన్ 24న వలిగొండ మండలం వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టర్ మూసీ కాలవలో బోల్తాపడి పదిహేను మంది పోయారు. 2020 మే 14న మన ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర, మిరప కోసి ఇళ్లకు తిరిగి వస్తున్న కూలీల ట్రాక్టర్ అదుపు తప్పి కరెంటు స్తంభాన్ని కొట్టింది. తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. 2023 జూన్‌లో గుంటూరు జిల్లా వట్టిచెరుకూరు మండలంలో శుభకార్యానికి వెళ్తున్న ఆడవాళ్ల ట్రాక్టర్ తిరగబడింది. అక్కడా చావులే.

ఇవన్నీ ట్రక్కుకు బ్రేకు లేకపోవడం వల్లే జరిగాయని మనం అనడం లేదు. ఒక్కో ప్రమాదానికి ఒక్కో కారణం. ఒకచోట కాలవ కట్టకు గోడ లేదు, ఒకచోట స్తంభం రోడ్డు అంచునే ఉంది, ఒకచోట ఎక్కాల్సిన దానికన్నా ఎక్కువ మంది ఎక్కారు. కానీ బండి అదుపు తప్పిన ఆ రెండు మూడు క్షణాల్లో వెనక బరువు తోయకుండా ఉంటే దాన్ని నిలబెట్టుకునే అవకాశం ఉంటుంది. ఆ అవకాశం మన డ్రైవర్లకు ఎవరూ ఇవ్వలేదు. ప్రమాదం జరిగిన మర్నాడు మాత్రం కేసు డ్రైవర్ మీదే పడుతుంది. ఆ డ్రైవర్ ఎక్కువసార్లు మన రైతు కొడుకో, జీతానికున్న పిల్లవాడో అయి ఉంటాడు.

బీమా సంగతి కూడా తెలుసుకోవాలి. ట్రాక్టర్‌కు బీమా ఉంటే చాలు, వెనక ట్రక్కుకూ అదే వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. ట్రక్కు చట్టం దృష్టిలో వేరే బండి. దానికి వేరే నంబరు, వేరే కాగితాలు. బీమాలోనూ దాన్ని విడిగా చూపించాలి. సరుకు బండి మీద ఎక్కిన మనుషుల విషయంలో కోర్టులు ఇంకా గట్టిగా ఉన్నాయి. ట్రాక్టర్ ట్రాలీ మీద వెళ్తూ గాయపడిన ఒక కూలీ కేసులో, బీమా కంపెనీకి బాధ్యత లేదని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. కూలీ పేదరికం చూసి, ముందు కంపెనీ డబ్బు కట్టి తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకోమంది. అంటే చివరికి ఆ భారం ఎవరి మీద పడ్డట్టు? అయిదెకరాల కౌలు చేసి, ట్రాక్టర్ కిస్తీ కడుతున్న రైతు అలాంటి వసూలు నోటీసు అందుకుంటే ఆ ఇల్లు లేస్తుందా?

బ్రేకులు ఎన్ని రకాలు

ట్రక్కుకు బ్రేకు అనేది కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. యూరప్ దేశాల్లో కార్ల వెనక కట్టే ట్రాలీకి లోడుతో కలిపి 750 కిలోలు దాటితే బ్రేకు ఉండి తీరాలి. అమెరికాలో చాలా రాష్ట్రాలు 3,000 పౌండ్లు, అంటే సుమారు 1,360 కిలోలు దాటిన ట్రాలీకి బ్రేకు అడుగుతాయి. మన ట్రక్కు ఖాళీగా ఉన్నప్పుడే ఆ హద్దు దగ్గర ఉంటుంది.

అన్నిటికన్నా సులువైనది తోపుడు బ్రేకు. ట్రాక్టర్ తగ్గినప్పుడు ట్రక్కు ముందుకు తోస్తుందని చెప్పుకున్నాం కదా, ఆ తోపుతోనే హుక్కు దగ్గరున్న కడ్డీ వెనక్కు జరిగి ట్రక్కు చక్రాల బ్రేకును లాగుతుంది. కరెంటు, ఆయిలు అక్కర్లేదు. వెనక్కు నడిపేటప్పుడు మాత్రం బ్రేకు పట్టకుండా గొళ్లెం వేసుకోవాలి.

రెండోది ఆయిలు బ్రేకు. ట్రక్కు తొట్టిని ఎత్తడానికి ట్రాక్టర్ హైడ్రాలిక్ నుంచి గొట్టం కట్టడం మనకు అలవాటే. అలాంటిదే ఇంకో గొట్టం, పెడల్‌తో కలిసి పనిచేసే ఒక వాల్వు. కాలు ఎంత నొక్కితే ట్రక్కు బ్రేకు అంత పడుతుంది. పెద్ద లోడుకు ఇది గట్టిది. అయితే వాల్వు ఆ ట్రాక్టర్ మోడల్‌కు సరిపోవాలి.

మూడోది కరెంటు బ్రేకు. అమెరికాలో పికప్ వ్యాను వెనక పశువుల ట్రాలీ, గడ్డి ట్రాలీ కట్టే రైతులకు ఇది మామూలు సంగతి. మన దగ్గర ఇంకా అరుదు. ట్రక్కు చక్రం డ్రమ్ములో మామూలు బ్రేకు లైనర్లే ఉంటాయి. వాటి పక్కన ఒక కరెంటు అయస్కాంతం ఉంటుంది. కరెంటు పారగానే అది తిరిగే డ్రమ్ముకు అంటుకుని, దానితోపాటు ఒక మీటను లాగుతుంది. మీట లైనర్లను విప్పుతుంది, చక్రం తగ్గుతుంది. ఎంత కరెంటు పంపాలో చూసేందుకు డ్రైవర్ దగ్గర చిన్న పెట్టె ఉంటుంది, దాన్ని కంట్రోలర్ అంటారు. ఒక్కో అయస్కాంతం పన్నెండు వోల్టుల దగ్గర సుమారు మూడు ఆంపియర్లు తీసుకుంటుంది. రెండు చక్రాలకు ఆరు, నాలుగు చక్రాలకు పన్నెండు. పన్నెండు వోల్టుల ట్రాక్టర్ బ్యాటరీకి ఇది మోయలేని భారం కాదు.

దీనిలో మనకు పనికొచ్చే గుణాలు రెండున్నాయి. ఊళ్లో ఒకే ట్రక్కును నాలుగు ట్రాక్టర్లు లాగుతాయి. కరెంటు బ్రేకైతే ప్రతి ట్రాక్టర్‌కూ కంట్రోలర్, సాకెట్ ఉంటే చాలు, పెడల్ జోలికి పోనక్కర్లేదు. రెండోది ఇంకా ముఖ్యం. ట్రక్కు మీద చిన్న బ్యాటరీ, ఒక పిన్ను, ఆ పిన్నుకు ట్రాక్టర్‌తో కట్టిన తీగ ఉంటాయి. హుక్కు విరిగి ట్రక్కు విడిపోతే తీగ పిన్నును లాగేస్తుంది, ట్రక్కు తనంతట తానే బ్రేకు వేసుకుంటుంది. విడిపోయిన ట్రక్కు వెనక వచ్చే స్కూటర్ మీదకో, పక్కనున్న ఇంట్లోకో దూసుకుపోకుండా ఆగుతుంది.

లోపం లేకపోలేదు. నల్లరేగడి బురద, వరి మడి నీళ్లు, దుమ్ము డ్రమ్ములోకి చేరితే అయస్కాంతం పట్టు తగ్గుతుంది. సాకెట్ తుప్పు పడితే కరెంటు సరిగా అందదు. ఏది మన నేలకు, మన లోడుకు తగినదో నిపుణులు పరీక్షించి చెప్పాలి. బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష కోసమే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ఈ పని వాళ్లది కాకపోతే ఇంకెవరిది?

బిగించాక సరిచూసుకోవడం

ఏ రకం పెట్టించినా బిగించి వదిలేస్తే చాలదు. కరెంటు బ్రేకైతే బ్యాటరీ నుంచి మందపాటి తీగ విడిగా లాగాలి, మధ్యలో ఫ్యూజు ఉండాలి. ఎర్తింగును తుప్పు పట్టిన హుక్కుకు వదిలేయకుండా దానికీ వేరే తీగ వేయాలి. తర్వాత మనుషులు లేని తిన్నటి, పొడి రోడ్డు మీద ఇరవై కిలోమీటర్ల లోపు వేగంతో నడిపి, కంట్రోలర్ మీదున్న చేతి మీటతో ట్రక్కు బ్రేకు ఒక్కటే వేసి చూడాలి. ట్రక్కు వెనక్కు పట్టి లాగినట్టు అనిపించాలి. చక్రాలు బిగుసుకుని జారితే కరెంటు తగ్గించాలి, లాగినట్టే లేకపోతే పెంచాలి. ఖాళీ ట్రక్కుకు పెట్టిన కొలత లోడుకు చాలదు, లోడుకు పెట్టిన కొలతకు ఖాళీ ట్రక్కు చక్రాలు జారతాయి. అందుకే టిక్కీలు ఎత్తాక మళ్లీ చూసుకోవాలి. విడిపోయినప్పుడు పనిచేసే పిన్నును బండి నిలబెట్టి చేత్తో లాగి పరీక్షించాలి. కొత్త లైనర్లు కొన్ని రోజుల్లో కూర్చుంటాయి, అప్పుడు ఒకసారి బిగింపు సవరించాలి.

మన చేతిలో ఉన్నవి

బ్రేకు వచ్చేదాకా కొన్ని పనులు ఈ సీజన్ నుంచే చేయొచ్చు. పైసా ఖర్చు లేనివే చాలా ఉన్నాయి.

మొదటిది, ట్రాక్టర్ బ్రేకు పెడళ్లు రెండూ కలిపే గొళ్లెం. చేలో మలుపు తిప్పడానికి కుడి, ఎడమ వేరుచేస్తాం. రోడ్డెక్కే ముందు కలపడం మరిచిపోతే, గాభరాలో ఒక్క పెడల్ మీదే కాలు పడుతుంది. ఒకవైపు చక్రమే ఆగి ట్రాక్టర్ గిర్రున తిరిగి బోల్తా కొడుతుంది. చేను గట్టు దాటే ముందు గొళ్లెం చూసుకోవడం ప్రతి డ్రైవర్‌కూ అలవాటు కావాలి. రెండోది, డీజిల్ మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ వేయకూడదు. గేరులో ఉన్న ఇంజను కూడా ఒక బ్రేకే. మూడోది, హుక్కు పిన్నుకు తాళం, పక్కన గొలుసు, వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు. నాలుగోది, టిక్కీలు ఇరుసు మీదకు సమంగా పేర్చడం, పత్తి బోరాలను తొట్టి మీద మరీ ఎత్తుగా కట్టకపోవడం.

అయిదోది మాత్రం కష్టమైన మాట. లోడెత్తిన ట్రక్కు మీద మనుషులను ఎక్కించవద్దు. టిక్కీల మీద కూర్చుని వచ్చే ముఠా కూలీ గురించీ, కోతకు పొరుగూరి నుంచి తెచ్చే ఆడకూలీల గురించీ అంటున్నాం. కోత రోజుల్లో కూలీలు దొరకడమే గగనం, ఇరవై కిలోమీటర్ల అవతల నుంచి తెచ్చుకోవాలి, ఆటో బాడుగ ఎవరు పెట్టుకుంటారని మన సభ్యులు అడుగుతున్నారు. నిజమే. కానీ మన పంట ఇంటికి చేర్చే ఆ చేతులు మన బండి మీదే పోతే, ఆ కుటుంబానికి మనం ఏం జవాబు చెబుతాం? మేస్త్రితో కూలి మాట్లాడుకునేటప్పుడే రాకపోకల ఖర్చు కూడా మాట్లాడుకోవాలి. పక్కపక్క పొలాల రైతులు కలిసి ఒకే బండి కుదుర్చుకుంటే ఖర్చు పంచుకోవచ్చు.

పాలకులు చేయాల్సినవి

ఇన్నాళ్లూ లేని బ్రేకు ఇప్పుడెందుకని కొందరు పెద్దలు అంటున్నారు. ఇన్నాళ్ల ట్రాక్టర్ వేరు, ఇన్నాళ్ల రోడ్డు వేరు. ముప్పై అయిదు గుర్రాల బండి పోయి యాభై గుర్రాల బండి వచ్చింది, తొట్టి పెద్దదైంది, మట్టి బాట తారు రోడ్డైంది, తారు రోడ్డు నాలుగు లైన్ల హైవే ఎక్కింది. వేగం, బరువు పెరిగాయి. బ్రేకు ఒక్కటే పెరగలేదు.

ఇంకొందరి భయం వేరు. బ్రేకు తప్పనిసరి అంటే రేపట్నుంచి యార్డు దారిలో నిలబెట్టి జరిమానాలు రాస్తారని. ఈ భయంలో నిజముంది. అందుకే మన మాట స్పష్టంగా ఉండాలి. జరిమానాతో మొదలుపెట్టే ఏ ఉత్తర్వునైనా మన సంఘం వ్యతిరేకిస్తుంది. ట్రక్కుకు వేరే నంబరు ఇచ్చేటప్పుడు అది బండి అయినప్పుడు, బ్రేకు దగ్గరా అది బండే కావాలి. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 96వది బ్రేకుల గురించే. ఆ బాధ్యత మొదట పడాల్సింది తయారుచేసి అమ్మేవాళ్ల మీద, రిజిస్టర్ చేసేవాళ్ల మీద. చివర్లో ఉన్న రైతును మొదట పట్టుకోవడం న్యాయం కాదు.

అందుకని మన డిమాండ్లు ఇవి. ఇకముందు అమ్మే ప్రతి కొత్త ట్రక్కూ బ్రేకుతోనే రావాలి, లేకపోతే రిజిస్ట్రేషన్ చేయకూడదు. పాత ట్రక్కులకు బ్రేకు సామాను సగం సబ్సిడీతో రైతు సేవా కేంద్రాల ద్వారా ఇవ్వాలి. చిన్న, కౌలు రైతులకు ఇంకా ఎక్కువ ఇవ్వాలి. యంత్రాలకు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం 2014-15 నుంచి నడుస్తోంది, అందులో ట్రక్కు బ్రేకును చేర్చడానికి అడ్డేమిటి? ప్రతి మండలంలో ఇద్దరు ముగ్గురు వెల్డింగ్ మిస్త్రీలకు బ్రేకు బిగింపులో శిక్షణ ఇవ్వాలి. కోత సీజన్‌లో కూలీల రాకపోకలకు చిన్న బస్సులు నడపాలి, కూలీలకు ప్రమాద బీమా ప్రభుత్వమే కట్టాలి. కాలవ కట్టల మీది రోడ్లకు రక్షణ గోడలు కట్టాలి, రోడ్డు అంచున ఉన్న స్తంభాలను జరపాలి.

మన వంతుగా ప్రతి గ్రామ శాఖ కోతలు ముమ్మరం కాకముందే ఒక ఆదివారం ఊళ్లో ట్రక్కులన్నీ ఒకచోట చేర్చి హుక్కు, పిన్ను, టైరు, రిఫ్లెక్టర్, పెడల్ గొళ్లెం, బీమా కాగితం చూడాలని కోరుతున్నాం. డ్రైవర్లను పిలవండి, కూలీ మేస్త్రులను పిలవండి, వ్యవసాయ కార్మిక సంఘం వాళ్లనూ పిలవండి. ఎన్ని ట్రక్కులున్నాయి, ఎన్నింటికి బ్రేకుంది అన్నది ఒక కాగితం మీద రాసి మండల శాఖకు పంపండి. ఆ కాగితాలన్నీ కట్టగట్టి కలెక్టర్ల ముందు, రవాణా శాఖ ముందు పెడదాం. టిక్కీకి కిలో తరుగు తీస్తే యార్డులో నిలబడి అడుగుతాం. మనుషుల ప్రాణాలకు అంతకన్నా గట్టిగా అడగాలి.